నెలసరి ఆగే వయసు, పలచబడే జుట్టు: సందేహాలు - సమాధానాలు

నలభై అయిదు దాటిన సోదరీమణుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే బాధ చెబుతున్నాయి: నెలసరి క్రమం తప్పింది, జుట్టు పోతోంది, ఇంట్లో చెబితే 'ఈ వయసులో జుట్టు గురించి దిగులేమిటి' అంటున్నారు. దిగులు పడటంలో తప్పేమీ లేదు. వైద్యం ఉన్న సమస్య కాబట్టి అడిగి తెలుసుకోవడమే మంచిది.

నాకు 49 ఏళ్లు. ఏడాదిగా నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. తలంటుకున్న రోజు చేతినిండా జుట్టు వస్తోంది. ఊడిన వెంట్రుక చివర తెల్లటి గింజలాంటిది ఉంటోంది. కుదుళ్లతో సహా ఊడిపోతున్నట్టేనా? గుండు అయిపోతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, నరసరావుపేట

ముందు ఒక భయం వదిలేయండి అమ్మా. నెలసరి ఆగే వయసులో వచ్చే ఈ మార్పుతో ఆడవాళ్ల తల బోడి అయిపోదు. మీరు చూస్తున్న తెల్లటి గింజ కుదురు కాదు, కాలం తీరిన వెంట్రుక అడుగుభాగం. కుదురు మాడు లోపలే ఉంటుంది, అందులోంచి మళ్లీ వెంట్రుక మొలుస్తుంది.

తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ కొన్నేళ్లు పెరుగుతుంది, తరవాత మూడు నెలలు పెరుగుదల లేకుండా ఉండి రాలిపోతుంది. ఆ లెక్కన రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజం. వారానికోసారి తలంటుకునేవారికి వారం రోజులదీ ఒక్కసారే చేతికొస్తుంది కాబట్టి ఆ రోజు గుండె గుభేలుమంటుంది. రాలుతుందని భయపడి తలంటు వాయిదా వేస్తే, తరవాతిసారి ముద్ద మరింత పెద్దదిగా కనిపిస్తుంది, అంతే.

ఈ ఉత్తరాలు రాసిన వారందరికీ ముఖ్యంగా చెప్పాలనుకునేది ఒకటుంది. రాలడం వేరు, పలచబడటం వేరు. రాలిన చోట అంతే లావు వెంట్రుక తిరిగి వస్తే అది రాలడం. వచ్చే వెంట్రుక ప్రతిసారీ సన్నగా, పొట్టిగా వస్తుంటే అది పలచబడటం. రెండిటికీ కారణాలు వేరు, వైద్యమూ వేరు. అందుకని దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవడం మానేయండి. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో పాపిడి ఫొటో తీయించుకోండి. రెండు మూడు నెలల్లో పాపిడి వెడల్పయినట్టు కనిపించినా, మాడు మీద దురద, మంట, పొక్కులు ఉన్నా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి.

నా వయసు 53. నెలసరి ఆగి మూడేళ్లయింది. జుట్టు పెద్దగా రాలడం లేదు కానీ పాపిడి వెడల్పయిపోయింది, లైటు కింద నిలబడితే నడినెత్తిన మాడు కనిపిస్తోంది. పరీక్షలన్నీ చేయించాను, అన్నీ నార్మల్ అన్నారు. మరి జుట్టు ఎందుకు పోతోంది? ఏదో పెద్ద జబ్బు దొరకకుండా దాక్కుందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

పరీక్షలు మామూలుగా ఉండటం మంచి కబురే, పెద్ద జబ్బేదీ దాక్కోలేదు. మీరు రాసిన తీరు చూస్తే ఇది ఆడవాళ్లలో వచ్చే వంశపారంపర్య పలచబాటు, వైద్యులు ఫిమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్ అంటారు. ముందువైపు, నుదుటి అంచున జుట్టు నిలిచి ఉంటుంది, పాపిడి చుట్టూ, నడినెత్తిన పలచబడుతుంది. 1977లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు ఆడవాళ్లలో ఈ తీరును మూడు దశలుగా విడదీసి చూపించాడు. ఇప్పటికీ మేం ఆ దశలతోనే తీవ్రతను అంచనా వేస్తాం.

నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ బాగా తగ్గుతుంది. ఆడవాళ్ల ఒంట్లోనూ కొద్దిపాటిగా ఉండే పురుష హార్మోన్ల ప్రభావం అప్పుడు కొంత పైకి తేలుతుంది. వాటికి తేలిగ్గా లొంగే కుదుళ్లు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి, అవి చిన్నబడి సన్నటి వెంట్రుకలనే ఇస్తాయి. రక్తంలో హార్మోన్లు సరిగ్గానే ఉంటాయి, తేడా కుదుళ్ల స్వభావంలో ఉంటుంది. చాలామందికి రిపోర్టులు నార్మల్ అని రావడానికి కారణం ఇదే. మీ అమ్మగారికో, మేనత్తకో, నాన్నగారి వైపు వాళ్లకో పలచటి జుట్టు ఉందేమో గుర్తు చేసుకోండి. ఎవరికీ లేకపోయినా ఇది రావచ్చు. కుదుళ్లు బాగా చిన్నబడకముందే మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది కాబట్టి ఇంకో ఏడాది చూద్దామని ఆగకండి.

డాక్టరుగారు మినాక్సిడిల్ రాశారు. అయిదు వారాలుగా రాస్తున్నాను. రాయకముందు కంటే ఇప్పుడే ఎక్కువ ఊడుతోంది! భయమేసి మూడు రోజులుగా ఆపేశాను. నాకు 51. ఇంతకీ ఇది జీవితాంతం రాయాలా?
— ఒక గృహిణి, విజయవాడ

మళ్లీ మొదలుపెట్టండి, మీకు మందు పనిచేయడం ఆరంభమైన సూచనే అది. రాలడానికి సిద్ధంగా ఉన్న పాత వెంట్రుకలను ఈ మందు కొంచెం ముందుగా బయటికి పంపి, కొత్తవాటిని పెరుగుదలలోకి తెస్తుంది. ఆ ఎక్కువ రాలడం మొదటి రెండు నెలల్లో తగ్గిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది మందు ఆపేస్తారు, అదే నాకు బాధ. ఫలితం కంటికి కనిపించడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరే పెరుగుతుంది మరి.

మందు జుట్టుకు కాదు, మాడుకు అంటాలి. తల పొడిగా ఉన్నప్పుడు పాపిడి తీస్తూ రాయండి, రాసిన రాత్రి నూనె పెట్టకండి, తరవాత చేతులు కడుక్కోండి. పడుకునే ముందు రెండు గంటల వ్యవధి ఇవ్వండి. లేకపోతే దిండుకు అంటి ముఖానికి చేరుతుంది, చెంపల మీద నూగు వెంట్రుకలు మొలుస్తాయి. మందు ఆపితే ఆ నూగు పోతుంది. మీ ఇంట్లో పిల్లి ఉంటే మరింత జాగ్రత్త: మీ తలనో దిండునో నాకినా ఈ మందు పిల్లులకు ప్రాణాంతకం.

జీవితాంతమా అన్నారు. ఆపితే, దాని వల్ల వచ్చిన లాభం కొన్ని నెలల్లో పోయి, మందు వాడకపోతే ఎలా ఉండేదో ఆ స్థితికి వస్తుంది. అంతకంటే అధ్వానం కాదు. బీపీ మాత్రలానే వాడినన్నాళ్లూ పనిచేస్తుంది. అసలిది మొదట బీపీ మాత్రగా వచ్చినదే, వేసుకున్నవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందుగా మార్చారు. రాస్తుంటే గుండె దడ, కాళ్ల వాపు, తల తిరగడం వస్తే మాత్రం ఆపి డాక్టరుకు చెప్పండి.

47 ఏళ్లు. ఆగస్టులో డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఉన్నాను. నవంబరు నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. నెలసరి కూడా తప్పుతోంది. ఇది మెనోపాజ్ వల్లేనా?
— ఒక టీచరు, ఖమ్మం

మీ ప్రశ్నలోనే జవాబుంది: ఆగస్టు, నవంబరు. గట్టి జ్వరం, ఆపరేషన్, ఆత్మీయుల మరణం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, వీటి దెబ్బకు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరుగుదల ఆపేస్తాయి, రెండు మూడు నెలల తరవాత కలిసికట్టుగా రాలతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ కుదుళ్లకు ఏమీ కాదు, సాధారణంగా ఆరు నెలల్లో తనంతట తానే సర్దుకుంటుంది. నుదుటి దగ్గర పొట్టి పొట్టి వెంట్రుకలు లేచి నిలబడుతుంటే కొత్త జుట్టు వస్తున్నట్టే. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మీకు అలవాటైనవి కడుపునిండా తినండి. ఆరు నెలలు దాటినా ఇలాగే ఉంటే అప్పుడు థైరాయిడ్, రక్తహీనత చూపించుకోవాలి.

నాకు 46. రెండేళ్లుగా నెలసరి వస్తే పదిరోజులు ఆగదు, గడ్డలు పడతాయి. నీరసం, ఆయాసం, జుట్టు ఊడటం. ఆ వయసులో అంతా ఇంతేనని మా వదిన అంటోంది. నిజమేనా?
— కూలిపనికి వెళ్లే ఒక తల్లి, అనంతపురం జిల్లా

మీ వదినగారు ధైర్యం చెప్పడానికే అని ఉంటారు గానీ, పదిరోజులు గడ్డలుగా పోవడాన్ని 'ఇంతే' అని వదిలేయకూడదు. నెలసరి ఆగబోయే ముందు రక్తస్రావం ఎక్కువవడం చాలామందిలో చూస్తాం. అలా ఒంట్లో ఇనుము కరిగిపోతే ఒళ్లు ముందు గుండెను, మెదడును కాపాడుకుంటుంది, జుట్టును పక్కనపెడుతుంది. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి, 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. వీలైతే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఇది తక్కువుండవచ్చు.

ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది, టీకి దాన్ని గంటైనా దూరంగా ఉంచండి. విరేచనం నల్లగా అవుతుంది, దానికి బెదరకండి. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి, అంతేగాని మానేయకండి. కానీ మాత్రలు మాత్రమే మింగితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. రక్తస్రావం ఎందుకవుతోందో స్త్రీల వైద్యులు చూడాలి, స్కానింగ్ అవసరం పడుతుంది. ఇది చదివే మిగతావారికీ ఒక మాట: నెలసరి ఏడాదిపాటు పూర్తిగా ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి.

థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, వయసు 55. జుట్టు కోసం మందుల షాపతను ఇచ్చిన బయోటిన్ ఆరు నెలలుగా వేసుకుంటున్నాను. మొన్న పరీక్షలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని వచ్చింది. ఇదేమిటి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

కంగారుపడి థైరాయిడ్ మాత్ర తగ్గించేయకండి. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని ల్యాబుల యంత్రాలు థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపిస్తాయి. గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ పరీక్షనూ అది తప్పుదారి పట్టిస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. కనీసం రెండు మూడు రోజులు బయోటిన్ మానేసి పరీక్ష మళ్లీ చేయించండి. మామూలుగా తిండి తినేవారికి బయోటిన్ లోపం రావడం చాలా అరుదు, లోపం లేనివారికి దానితో జుట్టు పెరుగుతుందని నమ్మదగ్గ రుజువు లేదు, కాబట్టి పూర్తిగా మానేసినా నష్టం లేదు. ఐరన్, కాల్షియం మాత్రలుంటే థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల తరవాతే వేసుకోండి.

నా వయసు 38. నొప్పి, తెల్లబట్ట అని వెళ్తే రెండేళ్ల క్రితం గర్భసంచి తీసేశారు. అప్పట్నుంచి ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి. జుట్టు సగమైంది. నా తోటివాళ్లంతా ఒత్తు జుట్టుతో ఉంటే నేను అరవయ్యేళ్ల దానిలా ఉన్నాను. నాకేమయింది?
— పేరు వద్దన్న సోదరి, ప్రకాశం జిల్లా

మీ ఉత్తరం చాలాసేపు నన్ను వదల్లేదు తల్లీ. మీ తప్పు ఇందులో ఏదీ లేదు. మీకేమయిందో తెలియాలంటే ముందు ఒక కాగితం కావాలి: ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా, ఉంచారా అన్నది అందులో ఉంటుంది. మీకెవరూ చెప్పకపోయినా అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

అండాశయాలు తీసేసి ఉంటే, మిగతావారికి కొన్నేళ్లలో మెల్లగా వచ్చే మార్పు మీకు రాత్రికి రాత్రి వచ్చిందన్నమాట. మన దేశంలో నెలసరి సగటున 46, 47 ఏళ్లకు ఆగుతుంది. మీ ఒంటికి ఆ హార్మోన్లు ఇంకా దాదాపు పదేళ్లు అందాల్సింది. జుట్టుకే కాదు, ఎముకలకూ గుండెకూ వాటి అవసరం ఉంది. అందుకే 45 లోపు అండాశయాలు పోయినవారికి, రొమ్ము క్యాన్సరు వంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకు హార్మోన్ చికిత్స ఇవ్వాలన్నది ప్రపంచమంతటా వైద్యులు ఒప్పుకున్న మాట. దయచేసి స్త్రీల వైద్యులను కలిసి దీని గురించే అడగండి, ఎముకల పరీక్ష గురించి కూడా. అండాశయాలు ఉంచి ఉంటే, అవి కొందరిలో కాస్త ముందుగా పని తగ్గిస్తాయి. రక్తపరీక్షతో అది తెలుస్తుంది. ఇదంతా జరుగుతుండగానే తలకు మినాక్సిడిల్ మొదలుపెట్టవచ్చు. మీ వయసు కుదుళ్లు త్వరగా స్పందిస్తాయి.

ఒక్కటి బయటికే చెబుతాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద వందకు ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది దాకా ఉన్నారు. తెల్లబట్టకు, నడుంనొప్పికి గర్భసంచి తీయడం వైద్యం కాదు. ఎవరైనా ఆపరేషన్ తొందరపెడితే మరో డాక్టరును అడిగాకే ఒప్పుకోండి. అండాశయాలు ఉంచుతారా అని తప్పకుండా అడగండి.

జుట్టు కోసం హార్మోన్ మాత్రలు వేసుకోవచ్చా? నాకు 52.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జుట్టు ఒక్కదాని కోసమైతే వద్దు. వేడి ఆవిర్లు, నిద్ర లేకపోవడం మిమ్మల్ని బాగా బాధిస్తుంటే అప్పుడు అది వేరే మాట. స్త్రీల వైద్యులు రొమ్ము, గుండె, రక్తం గడ్డకట్టిన చరిత్ర చూసి మాత్రలిస్తే, జుట్టుకు కాస్త మేలు జరిగినా జరగొచ్చు.

రొమ్ము క్యాన్సరుకు చికిత్స పూర్తయింది. కీమోలో పోయిన జుట్టు మళ్లీ వచ్చింది. ఇప్పుడు లెట్రోజోల్ మాత్ర వాడుతుంటే మళ్లీ పలచబడుతోంది. క్యాన్సరు తిరగబెట్టిందా? మాత్ర ఆపమంటారా? నాకు 57.
— ఒక సోదరి, గుంటూరు

క్యాన్సరు తిరగబెట్టినదానికి జుట్టు పలచబడటం గుర్తు కాదు. ఒక్కసారి కోల్పోయి తిరిగి పొందిన జుట్టు మళ్లీ పోతుంటే మీ గుండె ఎంత బెదిరిపోయి ఉంటుందో నాకర్థమవుతోంది. లెట్రోజోల్ ఒంట్లో మిగిలిన కొద్దిపాటి ఈస్ట్రోజెన్‌నూ తయారు కానివ్వదు, క్యాన్సరును దూరంగా ఉంచేది ఆ పనే; జుట్టు పలచబడటం కూడా ఆ పని వల్లే. కీమోలోలా మొత్తం ఊడదు. మాత్ర ఒక్కరోజు కూడా సొంతంగా ఆపకండి. మీ క్యాన్సరు డాక్టరుకు చెప్పి తలకు రాసే మినాక్సిడిల్ మొదలుపెట్టవచ్చు. 'సహజ ఈస్ట్రోజెన్' అని అమ్మే గుళికలు మాత్రం ముట్టుకోకండి.

కువైట్‌లో ఇంటిపని చేస్తాను, మాది రాజంపేట వైపు. వయసు 44. ఇక్కడి సముద్రపు నీళ్లకు అందరికీ జుట్టు ఊడుతుందంటారు. నిజమా? నెలసరి కూడా సరిగా రావడం లేదు.
— ఒక చెల్లెలు, కువైట్

నీళ్లు వెంట్రుకల పైపైనే తగులుతాయమ్మా, కుదుళ్ల దాకా పోవు. అక్కడ ఇళ్లకొచ్చేది ఉప్పు తీసేసిన సముద్రపు నీరే. ఇక్కడ మన బోరునీళ్ల గురించీ ఇదే మాట అంటారు. ఉప్పునీళ్లకు వెంట్రుక గరుకై మధ్యలో తెగవచ్చు గానీ మాడు పలచబడదు. ఊడినది పొడవాటి వెంట్రుకా, తెగిన ముక్కా చూడండి, తేడా తెలిసిపోతుంది. తడి జుట్టును గట్టిగా ముడేసి రోజంతా గుడ్డ కప్పుకుంటున్నారేమో, అది మానండి, వదులుగా అల్లుకోండి. వేళకు తిండి, నిద్ర లేకపోవడం, ఇంటి మీది బెంగ, ఇవి నీళ్లకంటే ఎక్కువ పాడుచేస్తాయి. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందు ఆ పరీక్ష చేసుకోండి, అది తేలకుండా జుట్టు మందులేవీ వాడొద్దు.

నుదుటి దగ్గర జుట్టు వెనక్కి జరుగుతోంది. నుదురు రెండు వేళ్ల వెడల్పు పెరిగింది. కనుబొమ్మలు కూడా పోయాయి, పెన్సిలుతో గీసుకుంటున్నాను. దురదగా ఉంటుంది. 61 ఏళ్లు, వయసేలే అనుకున్నాను.
— విశ్రాంత ఉద్యోగిని, రాజమహేంద్రవరం

మీరు రాయడమే మంచిదైంది. ఈ ఒక్క ఉత్తరానికి మాత్రం 'ఆగి చూద్దాం' అనలేను. వయసుతో వచ్చే పలచబాటులో నుదుటి అంచు చెదరదని పైన చెప్పాను. ఆ అంచే వెనక్కి జరిగి, కనుబొమ్మలు కూడా పోతుంటే ఫ్రాంటల్ ఫైబ్రోజింగ్ అలొపీషియా అనే సమస్యను అనుమానించాలి. నెలసరి ఆగిన ఆడవాళ్లలో దీన్ని 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు కొసార్డ్ మొదట వివరించాడు. ఇది ప్రాణానికి ప్రమాదం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ కుదుళ్లను మచ్చకట్టించి శాశ్వతంగా మూసేస్తుంది. పోయినది తిరిగి రావడం కష్టం, ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఈ నెలలోనే చర్మవైద్యులను కలవండి. చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే ఒప్పుకోండి, మత్తిచ్చి చేస్తారు, నొప్పి ఉండదు.

చాలా ఏళ్లు జడ బిగించి అల్లుకున్నవారికి కూడా కణతల దగ్గర జుట్టు పోతుంది. ఆ సమస్యలో కనుబొమ్మలు పోవు.

రూపాయి బిళ్లంత గుండ్రంగా జుట్టు ఊడింది. పేనుకొరుకుడు అన్నారు. గురివింద గింజ అరగదీసి రాయమంటున్నారు. 50 ఏళ్లు.
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

గురివింద గింజ విషం, దయచేసి రాయకండి; పుండు పడితే అసలు సమస్య కంటే అదే పెద్దదవుతుంది. ఈ మచ్చకు పేలతో గానీ మెనోపాజ్‌తో గానీ సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి కుదుళ్లను తాకడం వల్ల వస్తుంది. ఒకటి రెండు చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాదిలోపే తిరిగి వస్తుంది, మచ్చలో వేసే ఇంజెక్షన్లతో ఇంకా త్వరగా. మచ్చలు పెరుగుతున్నా, కనుబొమ్మల్లో కనిపించినా వెంటనే వెళ్లండి.

గడ్డం మీద రెండు మూడు గట్టి వెంట్రుకలు వస్తున్నాయి, తలమీదేమో పోతోంది. ఇది మగ హార్మోన్ల జబ్బా? 58.
— ఒక సోదరి, విశాఖపట్నం

నెలసరి ఆగాక గడ్డం కింద అలా కొన్ని రావడం చాలా మామూలు, తీసేసుకోండి, సరిపోతుంది. కొద్ది నెలల్లోనే ముఖమంతా, ఛాతీ మీద మొలవడం, గొంతు బొంగురుపోవడం, కణతల దగ్గర మగవాళ్లలా జుట్టు పోవడం కలిసి వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. అండాశయాల్లో, అడ్రినల్ గ్రంథుల్లో గడ్డ ఉందేమో రక్తపరీక్షతో, స్కానింగ్‌తో చూడాలి. అది అరుదు, ముందుగా పట్టుకుంటే నయమయ్యేది కూడా.

తిరుమలలో మూడు కత్తెర్లు ఇద్దామనుకుంటున్నాను. పూర్తిగా తలనీలాలు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తుందంటున్నారు. మందార, గుంటగలగర నూనె కూడా కాచి రాస్తున్నాను. వయసు 54.
— ఒక భక్తురాలు, చిత్తూరు

మొక్కు మీ ఇష్టం, తలనీలాలు ఇస్తే కుదుళ్లకు ఏ హానీ లేదు. కత్తిరించిన చివర మొద్దుగా ఉండటంతో తిరిగి మొలిచేటప్పుడు ఒత్తుగా అనిపిస్తుంది, వెంట్రుకల సంఖ్య మాత్రం పెరగదు. నూనె పెట్టుకుంటే వెంట్రుక తెగకుండా ఉంటుంది, చల్లగా హాయిగా ఉంటుంది. అది మానమనను. పలచబాటును ఆపే శక్తి మాత్రం దానికి లేదు, మందుకు బదులుగా దాన్నే నమ్ముకుని ఏళ్లు పోగొట్టుకోకండి. చుండ్రు ఉంటే నూనె తగ్గించండి.

ఒక క్లినిక్‌లో మన రక్తమే తీసి తలలో ఇంజెక్షన్ చేస్తారట, ఆరుసార్లకు ప్యాకేజీ అన్నారు. ఈరోజే కడితే తగ్గింపు అంటున్నారు. 50 ఏళ్లు.
— ఒక ఉద్యోగిని, కూకట్‌పల్లి

కట్టకండి, కనీసం ఈరోజు కట్టకండి. పీఆర్‌పీ అనే ఈ చికిత్స కొందరికి ఉపయోగపడుతుంది, అందరికీ కాదు. చేసే పద్ధతి క్లినిక్‌కి ఒకలా ఉంటుంది. మీకు రాలడమా పలచబడటమా తేల్చకుండా, ఐరన్, థైరాయిడ్ చూడకుండా ఎవరైనా ఇంజెక్షన్ల మాట ఎత్తితే లేచి వచ్చేయండి. చర్మవైద్యంలో పీజీ చేసిన డాక్టరు మీ తల చూశారా, సలహాదారు చూశారా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

నేను డాలస్‌లో ఉంటాను. అమ్మకు 59, సిద్దిపేటలో ఉంటుంది. జుట్టు పలచబడిందని పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసింది. వీడియో కాల్‌లో కూడా కొంగు కప్పుకుంటోంది. ఇక్కడ నా స్నేహితురాలు వాడే మినాక్సిడిల్ మాత్రలు పంపిద్దామనుకుంటున్నాను. అమ్మకు బీపీ ఉంది, మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు.
— ఒక కూతురు, డాలస్

మీ అమ్మగారి కొంగు చూసి బాధ గ్రహించారు, చాలా మంచి పని చేశారు. ఆ మాత్రలు మాత్రం పంపకండమ్మా. తక్కువ మోతాదులో వాటిని ఇప్పుడు జుట్టు కోసం ఇస్తున్న మాట నిజమే, కానీ అవి బీపీ తగ్గిస్తాయి, గుండె వేగం పెంచుతాయి, కాళ్లకు నీరు పట్టిస్తాయి. స్టెంట్ ఉన్నవారికి గుండె డాక్టరు ఒప్పుకోకుండా ఇవ్వకూడదు. తలకు రాసే మందు గురించి కూడా ఆయన్నే ఒక మాట అడిగి మొదలుపెట్టించండి. అమ్మగారు వాడే మందుల చీటీ ఫొటో తెప్పించుకుని చర్మవైద్యులకు చూపించండి. కొన్ని బీపీ మందులు, రక్తం పలచబరిచే కొన్ని మందులు కూడా జుట్టు రాలడానికి కారణమవుతాయి. వాటిని మార్చాలో లేదో వాళ్లే చెబుతారు.

మందు పనిచేయడానికి ఆరు నెలలు పడుతుంది, పెళ్లి ముహూర్తాలు అప్పటిదాకా ఆగవు. పాపిడి మార్చి తీయడం, భుజాల వరకు కత్తిరించుకోవడం, మాడు రంగు కనిపించకుండా చల్లుకునే పొడి, తేలికైన సవరం, వీటిలో అమ్మగారికి నచ్చింది వాడుకోవచ్చు, కుదుళ్లకు హాని లేదు. సవరం బరువుగా ఉండకూడదు, బిగించి కట్టకూడదు, రాత్రి తీసేయాలి. రంగు వేసుకుంటే 48 గంటల ముందు చెవి వెనక కొద్దిగా రాసి చూసుకోవాలి. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కూడా ఉంటే అది జుట్టుకు మించిన దిగులు. నెలసరి ఆగాక వచ్చే కుంగుబాటు గురించి డాక్టరుకు విడిగా చెప్పండి, దానికీ మంచి వైద్యం ఉంది. మొదటిసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పక్కన ఎవరైనా ఉండేలా చూడండి, మీరు ఫోన్‌లో ఉన్నా సరే.